అమెరికా ఎడారిలో మార్మనులు: ఒక పోలిక, దాని వెల

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో యూటా అనే రాష్ట్రం ఉంది. ఆ దేశంలో నెవాడా తరువాత అతి తక్కువ వర్షం పడే రాష్ట్రం అదే. ఎండిన కొండలు, ఉప్పు మేటలు, దప్పిక తీర్చని ఒక పెద్ద ఉప్పు సరస్సు తప్ప అక్కడ మరేమీ లేదని ఒకనాటి బాటసారులు భావించేవారు. అటువంటి భూమిలో ఈనాడు సుమారు 35 లక్షల మంది నివసిస్తున్నారు. వారిలో ఇంచుమించు సగం మంది ఒకే మతసంఘానికి చెందినవారు. లోకం వారిని మార్మనులు అంటుంది. ఆ సంఘం అసలు పేరు ‘యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం’. మార్మనులన్న పేరు వాడవద్దని 2018 నుండి వారి పెద్దలు కోరుతున్నారు. మనం పరిశీలించబోయే గ్రంథాలన్నీ ఆ పాత పేరుతోనే వ్రాయబడినందున, ఎవరినీ కించపరిచే ఉద్దేశం లేకుండా, ఈ వ్యాసంలో ఆ పేరునే వాడుతున్నాను.

ఈ విషయం మన త్రైమాసికంలో ఎందుకని పాఠకులు అడగవచ్చు. కారణం చెబుతాను. గత సంవత్సరం ఒక కళాశాల విద్యార్థి ఇంగ్లీషు వ్యాసమొకటి తెచ్చి, అందులోని ఒక పేరాను తెలుగు చేసి పెట్టమన్నాడు. మార్మను మతం అమెరికాలో పుట్టిన ఇస్లాం వంటిదన్నది ఆ పేరా సారాంశం. చదివి అర్థం చెప్పాను. అతడు కాసేపు ఆలోచించి, “మౌలానా, ఇది మనకు పొగడ్తా, తిట్టా?” అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ పోలిక ఎక్కడ పుట్టింది, ఎవరు వాడారు, ఎవరిపై వాడారు అని వెదుకుతూ వెళితే నాలుగు గ్రంథాలు, రెండు న్యాయస్థానపు తీర్పులు, ఒక ఎడారి కాలువ ఎదురయ్యాయి. వాటినే పాఠకుల ముందు ఉంచుతున్నాను.

పోలిక పుట్టుక

జోసెఫ్ స్మిత్ 1805లో వెర్మాంట్ రాష్ట్రంలో ఒక పేద రైతు కుటుంబంలో పుట్టాడు. దేవదూత తనకు బంగారు రేకులను చూపాడని, వాటిపై ఉన్న ప్రాచీన లిపిని దైవసహాయంతో తాను ఇంగ్లీషులోకి అనువదించానని ప్రకటించి, 1830లో ‘మార్మను గ్రంథం’ అచ్చు వేయించాడు. అదే సంవత్సరం ఏప్రిల్ 6న సంఘాన్ని స్థాపించాడు. ఆ సంఘం వెళ్ళిన ప్రతిచోటా ఇరుగుపొరుగుతో వైరం ఏర్పడింది. 1838 అక్టోబరులో మిస్సోరి రాష్ట్ర గవర్నరు మార్మనులను రాష్ట్రం నుండి వెళ్ళగొట్టాలని, లేదా నిర్మూలించాలని లిఖితపూర్వకంగా ఆజ్ఞాపించాడు. ఆ ఆజ్ఞ లాంఛనంగా రద్దయినది 1976లో మాత్రమే!

సరిగ్గా ఆ అక్టోబరులోనే, సంఘాన్ని విడిచిపోయిన థామస్ మార్ష్ అనే మాజీ నాయకుడు ప్రమాణపత్రం ఒకటి వ్రాసి ఇచ్చాడు. తమను ప్రశాంతంగా బ్రతకనీయకపోతే తాను ఈ తరానికి రెండవ ముహమ్మద్‌ను అవుతానని, కత్తితో లోకాన్ని లొంగదీస్తానని జోసెఫ్ స్మిత్ బెదిరించినట్లు అందులో ఉంది. ఆ మాట జోసెఫ్ స్మిత్ నిజంగా అన్నాడో లేదో చరిత్రకారులు నేటికీ వాదులాడుకుంటున్నారు. మనకు కావలసిన సంగతి వేరు. ఆ ప్రమాణపత్రం వ్రాసినవానికి గాని, దానిని చదివి ఉలిక్కిపడిన అధికారులకు గాని, దైవప్రవక్త ముహమ్మద్ (స) జీవితం గురించి తెలిసింది దాదాపు శూన్యం. ఆయన పేరు వారికి భయానికి మారుపేరు మాత్రమే. ఆ పేరును ఒక పొరుగువానికి తగిలిస్తే ఆ పొరుగువాడు శత్రువైపోతాడు. పోలిక పుట్టుకలోనే ఉన్న ఈ దోషం దానిని చివరిదాకా వదలలేదు.

1844 జూన్ 27న ఇల్లినాయ్ రాష్ట్రంలోని కార్తేజి చెరసాలలో ఉండగా ఒక సాయుధ మూక జోసెఫ్ స్మిత్‌ను కాల్చి చంపింది. సంఘంలో అధిక సంఖ్యాకులు బ్రిగ్‌హామ్ యంగ్ నాయకత్వంలో పడమరకు కదిలారు. 1847 జూలైలో 148 మందితో కూడిన తొలి బృందం సాల్ట్ లేక్ లోయను చేరుకుంది. అప్పటికి ఆ భూమి మెక్సికో దేశంలోనిది. మరుసటి సంవత్సరం అది అమెరికా వశమైంది. దేశం విడిచి వెళ్ళామనుకున్నవారి వెనుకనే ఆ దేశం కూడా నడిచి వచ్చిందన్నమాట.

మూడు గ్రంథాలు, మూడు చూపులు

యూటాను చూసి వ్రాసినవారిలో మనకు ముందుగా తారసపడేవాడు రిచర్డ్ బర్టన్. 1853లో మారువేషంతో మక్కా వెళ్ళివచ్చిన ఆంగ్లేయుడితడే. 1860లో సాల్ట్ లేక్ నగరంలో సుమారు మూడు వారాలు గడిపి, 1861లో ‘పరిశుద్ధుల నగరం’ అన్న అర్థం వచ్చే పేరుతో పెద్ద గ్రంథం ప్రచురించాడు. అతని కళ్ళు చురుకైనవి. నగరపు వీధులు, తోటలు, ధరలు, వంటకాలు, బ్రిగ్‌హామ్ యంగ్‌తో తన సంభాషణ అన్నీ వివరంగా వ్రాశాడు. బహుభార్యాత్వాన్ని చూసి నాటి ఇంగ్లీషు యాత్రికులు ముక్కు మూసుకుంటుంటే, తూర్పు దేశాలలో తాను చూసినదానితో పోల్చి, అదంత వింతేమీ కాదన్నాడు. ఇది ఒక విధంగా న్యాయబుద్ధే. అయితే బర్టన్‌కు మక్కా అయినా, సాల్ట్ లేక్ అయినా సందర్శించి, లెక్క వేసుకుని, తన చూసిన పట్టణాల పట్టికలో చేర్చుకునే వింతలే. ఆ నగరవాసులు ఏ భయంతో రాత్రి నిద్రపోతున్నారో, ఏ ఆశతో తెల్లవారి లేస్తున్నారో అతని గ్రంథం మనకు అంతగా చెప్పదు.

రెండవ గ్రంథం 1912లో వచ్చింది. బ్రూస్ కిన్నీ అనే ప్రొటెస్టెంటు ప్రచారకుడు వ్రాసిన దాని పేరులోనే మార్మను మతం ‘అమెరికా ఇస్లాం’ అని ఉంది. నా విద్యార్థి తెచ్చిన వాక్యానికి తాత ఇతడే. ఈ గ్రంథం చదివే ముస్లిముకు ఒక వింత అనుభవం కలుగుతుంది. తిట్టు తినేది మార్మనులు. తిట్టుగా వాడబడేది మనం. ‘ఇస్లాం’ అన్న మాటకు రచయిత అర్థం చెప్పడు, నిరూపణ ఇవ్వడు. ఆ పేరు వినగానే తన పాఠకులు జడుసుకుంటారన్న నమ్మకమే అతని తర్కం. విమర్శ అంటే ఒక వస్తువును దాని స్వరూపంలో చూపి గుణదోషాలు తేల్చడం. మరొకరి పేరును బురదగా చేసి చల్లడం విమర్శ కాదు.

మూడవది కూడా 1912లోనే వెలువడింది. దాని రచయిత ఎడ్వర్డ్ మేయర్, బెర్లిన్‌లో ఆచార్యుడు, ప్రాచీన చరిత్రలో దిగ్గజం. 1904లో యూటా వెళ్ళి, కొంతకాలం ఉండి, మార్మనుల పుట్టుపూర్వోత్తరాలపై జర్మన్ భాషలో వ్రాశాడు. కిన్నీకి ఉన్న ద్వేషం ఇతనికి లేదు. ఇతని లోపం వేరే రకం. గ్రంథం తనకు దిగివచ్చిందని చెప్పుకునే మతం ఎలా పుడుతుందో మార్మనుల విషయంలో పత్రికలు, దస్తావేజులు, సాక్షుల సహితంగా చూడవచ్చు గనుక, ఆ వెలుగుతో ఇస్లాం పుట్టుకను కూడా అర్థం చేసుకోవచ్చన్నది ఇతని పద్ధతి. పైకి ఇది శాస్త్రీయంగా కనిపిస్తుంది. ఏడవ శతాబ్దపు హిజాజ్ వేరు, ముద్రణాలయాలు, ఎన్నికలు, భూమి బేరాలు ఉన్న పందొమ్మిదవ శతాబ్దపు అమెరికా వేరు. ఒక తాళంచెవితో తన ఇంటి తలుపు తెరుచుకున్నదని, అదే చెవితో పొరుగూరి కోట తలుపు కూడా తెరుచుకుంటుందని అనుకోవడం పాండిత్యానికి తగిన పని కాదు.

ఈ ముగ్గురి ఉద్దేశాలు వేరు. ఒకడు యాత్రికుడు, ఒకడు ప్రత్యర్థి, ఒకడు పండితుడు. అయినా ముగ్గురి దృష్టీ ప్రధానంగా మతస్థాపకుడి మీద, అతని భార్యల సంఖ్య మీద నిలిచింది. ఎడారిలో అంతమంది జనం ఎలా బ్రతికి, పెరిగి, నిలదొక్కుకున్నారన్న ప్రశ్నకు సరైన సమాధానం దొరకాలంటే మరో 46 సంవత్సరాలు ఆగవలసి వచ్చింది.

కాలువ దగ్గర మొదలైన కథ

1958లో లెనార్డ్ ఆరింగ్టన్ అనే ఆర్థిక చరిత్రకారుడు ‘గ్రేట్ బేసిన్ రాజ్యం’ అన్న గ్రంథాన్ని హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ద్వారా ప్రచురించాడు. ఇతడు స్వయంగా మార్మను. అయినా ఆ గ్రంథం మహిమలతో నిండలేదు. లెక్కలతో, కాలువలతో, బండ్లతో, గిడ్డంగులతో నిండింది. యూటాలో మార్మను మతం ఎలా పెరిగిందో తెలుసుకోగోరే పాఠకుడు ముందుగా చదవవలసినది దీనినే.

తొలి బృందం లోయలో దిగుతూనే చేసిన పని సిటీ క్రీక్ అనే వాగు నీటిని మళ్ళించి, గట్టిపడిన నేలను తడిపి, బంగాళాదుంపలు నాటడం. తూర్పు అమెరికా చట్టం ప్రకారం ఏటి ఒడ్డున భూమి ఉన్నవానిదే నీటిపై హక్కు. ఎడారిలో ఆ చట్టం నడిస్తే పది కుటుంబాలు బాగుపడి వంద కుటుంబాలు మాడిపోతాయి. మార్మనులు ఆ పద్ధతిని ప్రక్కన పెట్టారు. నీరు అందరి ఉమ్మడి సొత్తు. కాలువ త్రవ్వకంలో ఎవరు ఎంత శ్రమ చేశారో, ఎవరి పొలానికి ఎంత అవసరమో చూసి వంతులు పంచేవారు. తగవు వస్తే బిషప్పు ముందు తీర్పు జరిగేది. మన తెలంగాణ చెరువుల క్రింద నీరటి వంతులవారీగా తూము తెరిచి, ఏ మడికి ఎంతసేపో చూసే ఏర్పాటు తెలిసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. నీటిని ఏ ఒక్కరూ సొంత ఆస్తిగా బిగించుకోరాదన్న భావన హదీసు, ఫిఖ్‌హ్ గ్రంథాలు చదివినవారికి కూడా కొత్తది కాదు.

నీటి తరువాత మనుషులు. 1849లో వారొక వలస సహాయ నిధిని నెలకొల్పారు. ఇంగ్లండు, స్కాండినేవియా దేశాలలో మతం స్వీకరించిన పేదలకు ప్రయాణపు ఖర్చు అప్పుగా ఇచ్చి, యూటా చేరి సంపాదించిన తరువాత తిరిగి కట్టించుకుని, ఆ సొమ్ముతో మరొకరిని రప్పించేవారు. 1869లో రైలుమార్గం వచ్చేలోగా సుమారు 70 వేల మంది బండ్ల మీద, కాలినడకన, కొందరు చేతితో లాగే బండ్లతో ఆ దారి నడిచారు. 1856లో ఆలస్యంగా బయలుదేరిన రెండు చేతిబండ్ల బృందాలు మంచులో చిక్కుకుని 200 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 1877లో బ్రిగ్‌హామ్ యంగ్ మరణించేనాటికి దాదాపు 350 ఊళ్ళు వెలిశాయి.

మనుషుల తరువాత కట్టుబాటు. ప్రతి సభ్యుడు సంపాదనలో పదవ వంతు ఇవ్వాలి. నెలకొకసారి రెండు పూటల భోజనం మాని, ఆ భోజనపు విలువను పేదలకు ఇవ్వాలి. మద్యం, పొగాకు, టీ, కాఫీ నిషిద్ధం. పేటకొక ‘వార్డు’, కొన్ని వార్డులు కలిసి ఒక ‘స్టేకు’. వార్డును నడిపే బిషప్పుకు జీతం లేదు. అతడు రైతో, బడి పంతులో, దుకాణదారో అయి ఉంటాడు. 1842లో మొదలైన స్త్రీల సహాయ సంఘం రోగులను, బాలింతలను, వితంతువులను చూసుకునేది. 1930లలో ఆర్థిక మాంద్యం దేశాన్ని కుదిపినప్పుడు, 1936లో వారు తమ సొంత సహాయ పథకాన్ని చేపట్టి, పేదవాడు చేయగలిగిన పని చేసి గిడ్డంగి నుండి సరుకు తీసుకుపోయే ఏర్పాటు చేశారు. ఈనాడు 70 వేలకు పైగా యువతీయువకులు తమ ఖర్చుతోనో, కుటుంబం ఖర్చుతోనో ఏడాదిన్నర, రెండేళ్ళు లోకమంతటా మతప్రచారం చేస్తున్నారు. సభ్యుల సంఖ్య 1 కోటి 70 లక్షలు దాటింది. వారిలో సగానికి పైగా అమెరికాకు వెలుపలే ఉన్నారు. మన హైదరాబాదులోనే 2012లో భారతదేశపు తొలి ‘స్టేకు’ ఏర్పడింది. మార్మను గ్రంథం తెలుగులోకి కూడా వచ్చింది.

పెరుగుదలకు కారణం బహుభార్యాత్వమని, మూఢభక్తి అని ప్రత్యర్థులు వ్రాశారు. ఆరింగ్టన్ చూపిన కారణాలు కాలువ, లెక్కల పుస్తకం, జీతం లేని సేవ. ఈ మూడింటినీ బర్టన్ తన కళ్ళతో చూశాడు గాని, అవే అసలు విషయమని అతనికి తట్టలేదు.

కీర్తి వెనుక నీడ

కాని, న్యాయం రెండు వైపులా పదునుండాలి. ఆరింగ్టన్ గ్రంథంలో ఆ లోయ ఖాళీగా ఉన్నదన్న భ్రమ కలుగుతుంది. ఖాళీగా లేదు. యూట్, షోషోనీ, పైయూట్ జాతులవారు అక్కడ తరతరాలుగా బ్రతుకుతున్నారు. వాగు నీరు మళ్ళితే వారి చేపలు, గడ్డిగింజలు పోయాయి. ఆకలి యుద్ధమైంది. 1865 తరువాత కొన్నేళ్ళపాటు సాగిన బ్లాక్ హాక్ యుద్ధం దాని ఫలితమే. హింసకు గురై పారిపోయి వచ్చినవారే మరొకరి నేలను ఆక్రమించుకున్నారు.

1857 సెప్టెంబరు 11న మౌంటెన్ మెడోస్ అనే చోట మార్మను సాయుధ దళం, కొందరు పైయూట్‌లను తోడు చేసుకుని, ఆర్కాన్సా నుండి వెళుతున్న సుమారు 120 మంది బాటసారులను, అభయమిచ్చి నమ్మించి, చంపింది. పసిపిల్లలు మాత్రమే మిగిలారు. నేరాన్ని పైయూట్‌ల మీదికి నెట్టారు. ఇరవై ఏళ్ళ తరువాత జాన్ లీ అనే ఒకే ఒక్కనికి శిక్ష పడింది. అయితే ఇక్కడ ఒక మంచి ఉదాహరణ కూడా ఉంది. ఆ సంఘపు కొలువులోనే ఉన్న చరిత్రకారులు 2008లో ఈ ఘోరంపై పూర్తి గ్రంథం ప్రచురించి, తమవారి నేరాన్ని తమ చేతులతోనే వ్రాశారు. తమ పూర్వీకుల తప్పును తామే వ్రాయగలగడం ఏ సముదాయానికైనా పెద్ద పరీక్ష.

నల్లజాతి పురుషులకు 1978 జూన్ దాకా వారి పౌరోహిత్యంలో చోటు లేదు. హజ్రత్ బిలాల్ (ర) పేరు తలచుకుని మనం ఈ విషయంలో వారిని తేలికగా తప్పుపట్టవచ్చు. తప్పుపట్టవలసిందే. కాని అదే నోటితో మరో ప్రశ్న వేసుకోవాలి. మన ఆంధ్ర, తెలంగాణ పల్లెలలో దూదేకుల సోదరులతో వియ్యమందడానికి, వారిని మసీదు కమిటీలో కూర్చోబెట్టుకోవడానికి ముఖం చిట్లించుకున్నవారు మనలో లేరా?

ధనం విషయం కూడా ఇటువంటిదే. పదవ వంతు నియమం వారి బలం. అదే వారికి ప్రమాదం కూడా అయింది. దశమభాగం పెట్టుబడిగా మారి కొండంత పెరిగింది. 2023లో అమెరికా షేర్ల మార్కెట్టు నియంత్రణ సంస్థ, ఆ పెట్టుబడులు లోకానికి కనబడకుండా వేరే కంపెనీల పేర్లతో చూపినందుకు సంఘంపై, దాని పెట్టుబడి సంస్థపై కలిపి 50 లక్షల డాలర్ల జుర్మానా విధించింది. జకాత్ సొమ్ము ఎవరెవరికి చెందాలో దివ్య ఖుర్‌ఆన్ తౌబా సూరాలో ఎనిమిది పద్దులుగా నిర్ణయించింది. ఆ నిర్ణయంలోని వివేకం ఇటువంటి చోట అర్థమవుతుంది. అయినా వక్ఫ్ ఆస్తుల లెక్క అడిగినప్పుడు మాట మార్చే ముతవల్లీలను చూసిన మనకు, పొరుగువారి జుర్మానా చూసి నవ్వుకునే అర్హత ఎంతవరకు ఉందో ఆలోచించాలి.

చివరికి ఆ నీరు కూడా ఎదురు తిరిగింది. ప్రధానంగా సాగు కోసం నదుల నీరు మళ్ళించడం వల్ల, దానికి కరువు తోడై, 2022లో ఆ ఉప్పు సరస్సు మట్టం ఎన్నడూ లేనంతగా పడిపోయింది. 2023లో సంఘం తన నీటివాటాలలో కొంత భాగాన్ని సరస్సుకు శాశ్వతంగా వదిలివేసింది. ఎడారిని గెలిచామన్న మాట ఎప్పుడూ కొంతకాలానికే నిజం.

పోలికకు చెల్లించిన వెల

ఇక తీర్పుల సంగతి. మార్మనులు 1852లో బహుభార్యాత్వాన్ని బహిరంగంగా ప్రకటించారు. 1862లో అమెరికా పార్లమెంటు దానిని నేరం చేసింది. జార్జి రెనాల్డ్స్ అనే మార్మను, అది తన మతాచరణ అని వాదిస్తూ సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1879లో కోర్టు అతని వాదాన్ని త్రోసిపుచ్చింది. విశ్వాసానికి స్వేచ్ఛ ఉంది గాని ఆచరణను చట్టం అదుపు చేయవచ్చన్నది తీర్పు. అంతటితో ఆగలేదు. బహుభార్యాత్వం యూరప్ జాతులకు ఎల్లప్పుడూ ఏవగింపు అని, అది దాదాపు ఆసియా, ఆఫ్రికా ప్రజల లక్షణమని కూడా ఆ తీర్పులో ఉంది. అంటే ఇంగ్లండు, డెన్మార్కు సంతతి తెల్లవారికి శిక్ష పడింది, వారు మనవంటివారుగా ప్రవర్తించారన్న భావం తోడు చేసుకుని! అదే సంవత్సరం అమెరికా ప్రభుత్వం, మార్మను వలసదారులను రానీయవద్దని యూరప్ ప్రభుత్వాలను కోరింది. 1887 చట్టం సంఘపు ఆస్తులను స్వాధీనం చేసుకోవడానికి, వలస నిధిని రద్దు చేయడానికి, యూటా స్త్రీలకు 1870 నుండి ఉన్న ఓటుహక్కును తీసివేయడానికి దారి తీసింది. 1890లో సంఘ అధ్యక్షుడు బహుభార్యాత్వాన్ని విరమించుకుంటూ ప్రకటన చేశాడు. 1896 జనవరి 4న యూటా రాష్ట్రమైంది.

బహుభార్యాత్వం గురించి ఇక్కడ వాదన చేయడం నా ఉద్దేశం కాదు. ఇస్లాం షరతులు, పరిమితి వేరు. యూటాలో జరిగినది వేరు. నేను చూపదలచినది పోలిక ఎలా పని చేస్తుందన్నది. ఒక సమూహాన్ని ‘పరాయి’ అని ముద్ర వేస్తే, ఆపై దాని హక్కులు తీసివేయడం సులభమవుతుంది.

ఇది మనకు దూరపు కథ కూడా కాదు. ఇడాహోలో మార్మనుల ఓటుహక్కుపై 1890లో డేవిస్ కేసు అనే మరో తీర్పు వచ్చింది. మతమంటే సృష్టికర్తతో మనిషికి గల సంబంధం గురించిన అభిప్రాయాలేనని అది నిర్వచించింది. 1954లో మన సుప్రీంకోర్టు శిరూరు మఠం కేసులో ఆ నిర్వచనాన్ని పరిశీలించి, అది సరిపోదన్నది. మతమంటే సిద్ధాంతం ఒక్కటే కాదని, ఆచారాలు, ఆరాధనా విధులు, తిండి, బట్ట కూడా అందులో భాగం కావచ్చని చెప్పింది. మదరాసులోని ఒక హిందూ మఠాధిపతి వేసిన కేసులో, అమెరికా మార్మనుల ఓటమి నుండి పాఠం నేర్చుకుని ఇచ్చిన ఆ తీర్పు ఈనాటికీ ఈ దేశంలోని ముస్లిములతో సహా ప్రతి మతంవారికీ గొడుగుగా ఉంది. తమకు సంబంధం లేదనుకున్న వారి హక్కు పోతే ఎవరికి నష్టమో, వారి హక్కు నిలిస్తే ఎవరికి లాభమో ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ వెదకనక్కరలేదు.

పోలిక ఎక్కడ విరిగిపోతుంది?

విశ్వాసపరంగా చూస్తే మార్మను మతానికి, ఇస్లాంకు మధ్య ఉన్న అంతరం చిన్నది కాదు. దేవునికి శరీరం ఉన్నదని, మానవుడు దైవత్వం దిశగా ఎదగగలడని వారి బోధ. తౌహీద్‌ను విశ్వసించినవారు దీనిని ఎంతమాత్రం అంగీకరించలేరు. ప్రవక్తల పరంపర నేటికీ సాగుతున్నదని, సంఘాధ్యక్షుడే ప్రవక్త అని వారంటారు. ఖత్మె నుబువ్వత్ మన విశ్వాసానికి పునాది. ఈ రెండింటిలో రాజీకి చోటు లేదు.

అయితే వృత్తిరీత్యా అనువాదకుణ్ణి గనుక నాకు వీటికంటే ముందుగా కనిపించేది మరొకటి. దేవదూత, గ్రంథం, చదువు లేని ప్రవక్త అంటూ పోలిక చెప్పేవారు వరస పెడతారు. కాని జోసెఫ్ స్మిత్ తనను తాను ఏమన్నాడు? అనువాదకుడినన్నాడు. అతని గ్రంథం అనువాదంగానే లోకంలోకి వచ్చింది. మూలమైన రేకులను దేవదూత తిరిగి తీసుకుపోయాడని అతడే చెప్పాడు. కొందరు సాక్షులు వాటిని చూశామన్నారు. ఆ మూలాన్ని చదివి సరిచూడగలవారు మాత్రం ఎవరూ లేరు. దివ్య ఖుర్‌ఆన్ విషయం దీనికి పూర్తిగా తలక్రిందులు. మూలం అందరి ముందు ఉంది. పల్లె మదరసాలోని పదేళ్ళ హాఫిజ్ నోట కూడా ఉంది. అనువాదానికే అక్కడ అధికారం లేదు. తెలుగులో చిలుకూరి నారాయణరావు గారి కాలం నుండి నేటివరకు ఎంతమంది అనువదించినా, ఆ అనువాదాలను ఎవరూ ఖుర్‌ఆన్ అనలేదు, నమాజులో చదవలేదు. ఒకచోట మూలం లేని అనువాదమే గ్రంథమైంది. మరొకచోట మూలమే గ్రంథం, అనువాదం దాని ముందు చేతులు కట్టుకుని నిలబడే సేవకుడు. ఇంత పెద్ద తేడాను చూడని పోలిక, రెండు మతాలలో ఒకదానిని కూడా చదవని పోలిక అవుతుంది.

మన బాధ్యత

శత్రువుల విషయంలో కూడా న్యాయం తప్పరాదని మాయిదా సూరా మనకు ఆజ్ఞాపిస్తున్నది. మార్మనులు మనకు శత్రువులు కూడా కారు. వారి చరిత్రలో మనం గుర్తుంచుకోవలసిన పుటలు ఉన్నాయి. 1841లో జోసెఫ్ స్మిత్ జీవించిన నావూ పట్టణపు పురపాలక శాసనం మతస్వేచ్ఛకు అర్హులైనవారి జాబితాలో ముహమ్మదీయులను కూడా పేరుపెట్టి చేర్చింది. 1855లో సాల్ట్ లేక్ నగరంలో వారి పెద్దలు ఇద్దరు మహాప్రవక్త (స)ను వంచకుడనే పాదరీల మాటను సభాముఖంగా ఖండించారు. 1978లో సంఘపు అధ్యక్షవర్గం ఒక ప్రకటనలో, దైవజ్యోతిలో కొంత భాగం పొందిన మహనీయుల సరసన ఆయన పేరును పేర్కొంది. మనకు ఆ మాట చాలదు. అయినా ద్వేషపు మాట మాత్రం కాదు. 1997లో వారి బ్రిగ్‌హామ్ యంగ్ విశ్వవిద్యాలయం ఇమామ్ గజాలీ ‘తహాఫుతుల్ ఫలాసిఫా’ను మైకేల్ మర్మూరా ఇంగ్లీషు అనువాదంతో, అరబీ మూలాన్ని ఎదురుబొదురుగా ముద్రించి వెలువరించింది. ఆ తరువాత ఇబ్నె సీనా, ఇబ్నె రుష్ద్ గ్రంథాలు కూడా ఆ వరుసలో వచ్చాయి. 2017లో అమెరికాలో కొన్ని ముస్లిం దేశాల ప్రజల రాకను నిషేధించినప్పుడు, మార్మను చరిత్ర పండితులు కొందరు 1879 నాటి తమ అనుభవాన్ని న్యాయస్థానం ముందుంచి, అదే తప్పు మళ్ళీ చేయవద్దని విన్నవించారు.

ఇప్పుడు మనల్ని మనం ఒకమాట అడగాలి. వారు మన గజాలీని మూలంతో సహా అచ్చు వేశారు. వారి విషయమై మన భాషలో, నిందకు గాని మతప్రచారానికి గాని కాక, తెలుసుకోవడానికై వ్రాసిన గ్రంథం ఏది? ఇతర మతాల గురించి మన పుస్తకాలలో చాలావరకు ఖండనలే. మదరసాలో నేను చదువుకున్నవీ అవే. ఖండన ఒక విద్యే. దాని అవసరం దానికి ఉంది. కాని ఎదుటివారిని వారి సొంత మాటలలో చదవకుండా చేసే ఖండన కిన్నీ చేసిన పనికంటే ఏ విధంగా మెరుగు? అతడు మనల్ని చదవకుండానే మన పేరును తిట్టుగా వాడాడు. మనం మరొకరి విషయంలో అలా చేయకుండా ఉంటేనే అతణ్ణి తప్పుపట్టే హక్కు మనకు ఉంటుంది.

ఆ విద్యార్థి మళ్ళీ వచ్చినప్పుడు నా జవాబు చెప్పాను. “బేటా, అది పొగడ్తా కాదు, తిట్టూ కాదు. ఇద్దరినీ చదవకుండా తప్పించుకునే మార్గం” అన్నాను. కాసేపు ఊరుకుని, “అయితే ముందు ఎవరిని చదవాలి?” అన్నాడు. ఖుర్‌ఆన్‌ను అర్థంతో చదువుతున్నావా అని అడిగాను. తల వంచుకున్నాడు. అక్కడి నుండి మొదలుపెట్టమని, ఆరింగ్టన్ పుస్తకం ఆ తరువాత తీసుకుపొమ్మని చెప్పాను. వల్లాహు ఆలమ్.